స్వామి కూర్చున్న సీటు

ఆ రోజు తెల్లవారిందో లేదో ఆకాశాన్ని చూసి చెప్పడానికి వీల్లేదు. తూర్పున సముద్రం మీద చేప కడుపు రంగులో ఒక చార తేలింది. కాసేపటికి అదీ మూసుకుపోయింది. వాన పడుతున్నదని అనలేం, ఆగిందనీ అనలేం. జల్లెడ పట్టినట్టు సన్నగా రాలుతూనే ఉంది. అల్పపీడనం ఇంకా తీరం వదల్లేదని టీవీలో చెప్పారు. కార్తీకం వెళ్ళే రోజుల్లో గూడూరు దగ్గరి మా కోట వైపు ఇది మామూలే. జాడీలో ఉప్పు నీరవుతుంది, తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి, దండెం మీద గుడ్డ ఎన్నాళ్ళకూ ఆరదు.

బర్రెకు గడ్డి వేసి వస్తూ కారు దగ్గర ఆగాను. కొట్టం పక్కన రేకుల కింద పెట్టి ఉంది. కారు మాది కాదు. మా చెల్లెలు సాయిలక్ష్మి భర్త నరేంద్రబాబుది. రేకులకు బొక్కలున్నాయి కాబట్టి లోపలికేమైనా కారిందేమోనని డ్రైవరు వైపు తలుపు తీశాను.

నీళ్ళు కారలేదు. కానీ సీటు మీద మనిషి కూర్చున్న అచ్చు ఉంది.

మీగడ రంగు సీటు అది. తొడలు ఆనిన చోట రెండు పెద్ద మచ్చలు, వీపు ఆనిన చోట ఒకటి. నలుపు కాదు, నీలమూ కాదు, నేరేడు పండ్లు తిన్న నాలుక రంగు. తువ్వాలు అంచున ఉండే గీతలు కూడా వరసగా దిగాయి. పక్క సీటు శుభ్రంగా ఉంది. వెనక సీటూ అంతే.

వేలు తడిచేసి రుద్దాను. వేలికి కొంచెం అంటింది. సీటు మీదది సీటు మీదే ఉంది.

ఆ మధ్యాహ్నమే మా ఇంట్లో భిక్ష. మా అబ్బాయి మధుబాబు ఆ ఏడు మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాల వేసుకున్న స్వాములను పిలిచి అన్నం పెట్టడాన్ని భిక్ష అంటారు. ఆ భిక్షకు నరేంద్రబాబు కూడా వస్తానన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి మా ఆవిడ వెంకటశేషమ్మ కాలు ఒకచోట నిలవలేదు. గోడలకు సున్నం వేయించింది, గడపకు పసుపు రాయించింది. ఎందుకంటే అతను ఆ గడప తొక్కి చాలా కాలమైంది.

మా మడి పక్క పొలాన్ని అతను కౌలుకు తీసుకుని రొయ్యల గుంట తవ్వించాడు. గుంటలోని ఉప్పునీళ్ళు ఊరి మా మడిలోకి దిగాయి. నాటిన నాటు నాటినట్టే ఎర్రబడిపోయింది. నేను అడిగాను. తన గట్టు గట్టిదేనని అతనన్నాడు. మాటా మాటా వచ్చింది. అతను అనాల్సినవి అతనన్నాడు, నేను అనాల్సినవి నేనన్నాను. ఆ తర్వాత అతను రాలేదు, సాయిలక్ష్మినీ రానివ్వలేదు. మా అమ్మ సంవత్సరీకం రోజున చెల్లెలు ఆటోలో వచ్చి రోడ్డు మీదే కూర్చుంది. వదిన చేత గిన్నెలో అన్నం తెప్పించుకుని, ఒళ్ళో పెట్టుకుని పోయింది. నేను అరుగు మీద నుంచి చూస్తున్నాను. ఆటో కదిలేదాకా అది ఇటు చూడనే లేదు.

కారు అడిగింది నేను కాదు. గూడూరులో పడిపూజకు పోవాలి, గురుస్వామి జయరామయ్య మోకాళ్ళు బస్సెక్కనివ్వవని మధుబాబు పోయి మామను అడిగాడు. స్వామి నోరు తెరిచి అడిగితే లేదనకూడదు. నరేంద్రబాబు తాళాలు చేతిలో పెట్టి, "భిక్ష రోజు నేనూ మీ అత్తా ఆటోలో వస్తాం. అన్నం తిని మా కార్లో మేం పోతాం" అన్నాడట. రెండేళ్ళుగా ఊళ్ళో పెద్దమనుషులు చేయలేని పని ఒక నల్ల పంచె చేసింది. ఇప్పుడు ఆ నలుపే సీటు మీద ఉంది.

"స్వామీ," అని పిలిచాను. మాలలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు.

మధుబాబు చన్నీళ్ళ స్నానం చేసి విభూతితో వచ్చాడు. "ఏంది స్వామీ," అన్నాడు నన్ను. వాళ్ళకు ఎదుటివాడు ఎవడైనా స్వామే. కన్నతండ్రికీ మినహాయింపు లేదు.

"ఇదేంది స్వామీ?"

వంగి చూశాడు. విభూతి కింద ముఖం పాలిపోయింది. "స్వామి శరణం," అన్నాడు.

"శరణం సరే. ఎట్టయింది?"

"సీటు తోలుది గదా స్వామీ. మాలలో తోలు తాకగూడదని గురుస్వామి చెప్పినాడు. చెప్పులే ఏసుకోం, ఇంక తోలు మీద కూర్చుంటామా. అందుకని తువ్వాలు పరిచినా."

"ఏ తువ్వాలు?"

"కొత్తది. అమ్మ... మాత పసుపు పెట్టి ఇచ్చిందే, అది."

"తడిగా పరిచినారా?"

"నిన్న పడిపూజ కాడ వాన స్వామీ. అందరం తడిసినాం. పిండి పరిచినా."

కొత్త గుడ్డను ఉతికి కట్టుకోవడం మాలో లేదు. అంచుకు పసుపు పెట్టి, దేవుడి ముందు ఉంచి, గంజి వాసనతోనే కట్టుకుంటాం. ఉతికితే పాతదైపోయినట్టే. ఆ గుడ్డలో అంగడివాడు ముంచిన రంగంతా అలాగే ఉంది. పైన వాన, కింద తోలు, మధ్యలో మావాడి బరువు. గూడూరు నుంచి ఇంటిదాకా దాని మీదే కూర్చుని బండి నడిపాడు. పక్క సీటులో కూర్చున్న గురుస్వామి నల్లబట్టలు ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి బూడిద రంగుకు వచ్చినవి. వాటిలో కారడానికి ఏమీ మిగల్లేదు. తోలు మీద గుడ్డ పరుచుకోమన్నది ఆయనే. ఆయన సీటుకు మాత్రం ఏమీ కాలేదు.

"మీ తలకాయలో ఏముండాది స్వామీ," అన్నాను. "రంగు గుడ్డని తడిగా తెల్ల సీటు మీద..."

వెంకటశేషమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతికి పిండి ఉంది. "మాలలో ఉండే బిడ్డను అట్టా అంటారా? మహాపాపం."

"నేనేమన్నా? స్వామీ అనే గదా అంటి."

"ఆ అనడంలో ఉండాది."

ఆవిడ కారులోకి చూసింది. చూసి పిండి చేతినే నోటి మీద పెట్టుకుంది. తర్వాత లోపలికి పోయి ఒక గిన్నెలో నీళ్ళు, పాత బనియను ముక్క తెచ్చింది.

తుడిచాను. గుడ్డ నీలంగా మారింది. సంతోషించాను. మళ్ళీ ముంచి తుడిచాను. రెండోసారి గుడ్డకు తక్కువ అంటింది, మూడోసారి ఏమీ అంటలేదు. సీటు మీద మచ్చ నన్నే చూస్తున్నట్టు అలాగే ఉంది. తడిసి ఇంకొంచెం నలుపెక్కింది.

"గిన్నెలు తోమే నీళ్ళసబ్బు ఏస్తే?" అంది మా ఆవిడ.

వేశాం. స్పాంజితో రుద్దాం. నురగ బూడిద రంగులో వచ్చింది. తుడిచి చూస్తే అంచులు కొంచెం పలచబడ్డాయి, నడిమి భాగం కదల్లేదు. గట్టిగా రుద్దాను. స్పాంజి వెనకవైపు పచ్చగా గరుకుగా ఉంటుందే, దానితో. తోలు మీద సన్నటి గీతలు పడ్డాయి. గీతల్లోకి నీలం దిగింది. అప్పటిదాకా మచ్చ ఒకటే, ఇప్పుడు గీతలు కూడా.

మధుబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. "నేను రుద్దతా స్వామీ."

"మీరు పూజ చేసుకోండి స్వామీ."

"అయిపోయింది."

"ఇంకోసారి చేసుకోండి."

వాడు పోలేదు. ఆ ఓపిక నాకు ఇంకా మంట పుట్టించింది. మాల వేసుకోక ముందు వాడు ఇట్టా నిలబడేవాడు కాదు. నేను ఒక మాటంటే రెండు మాటలని, బండి తీసుకుని బోగోలు దాకా పోయి చీకటి పడినాక వచ్చేవాడు. అప్పుడు నాకు తిట్టడానికి ఒక కొడుకుండేవాడు. ఇప్పుడు వంగి దండం పెట్టాల్సిన స్వామి ఉన్నాడు.

కరోనా నాటి శానిటైజరు సీసా ఒకటి అలమరలో ఉన్నదని మా ఆవిడకు గుర్తొచ్చింది. పెన్ను గీతలు దానితో పోతాయని అప్పట్లో ఎవరో చెప్పారట. దూదికి పోసి మచ్చ మీద పెట్టాను. దూది క్షణంలో నల్లబడింది. ఇంకో దూది తీసుకున్నాను. అదీ నల్లబడింది. మచ్చ కళ్ళ ముందే కరిగిపోతూ ఉంది. వెంకటశేషమ్మ, "అయ్యప్పా, నువ్వే దిక్కు," అని లోపలికి చూసి దండం పెట్టింది. నేను నవ్వాను కూడా. ఆ పూట అదే నా మొదటి నవ్వు, చివరిదీ అదే.

తర్వాతి దూది నల్లగా రాలేదు. మీగడ రంగులో వచ్చింది.

ఇద్దరం దూదిని చూశాం, సీటును చూశాం. అరచేయంత మేర రంగు పోయింది. సీటుకు పైన వేసిన రంగే లేచిపోయింది. కింద తోలు బూడిదగా, మొరటుగా, బర్రె మోకాలు లాగా కనిపించింది. దాని చుట్టూ నేరేడు రంగు అలాగే ఉంది.

"ఆపినారా?" అంది మా ఆవిడ.

"ఆపినా."

"ముందే ఆపుండాల్సింది."

"సీసా తెచ్చింది ఎవురుమే?"

ఆవిడ వంకాయలు మాడుతున్నాయని లోపలికి పోయింది. మాడుతున్న వాసన నాకు రాలేదు.

రహ్మాన్‌కు ఫోను చేశాను. కోటలో అతనికి కుషన్ల అంగడి. బండ్లకు, ట్రాక్టర్లకు సీట్లు కుడతాడు. హైస్కూల్లో నా పక్కనే కూర్చునేవాడు. వానలో మోపెడ్ మీద ప్లాస్టిక్ సంచి తలకు కట్టుకుని వచ్చాడు. కారు తలుపు తీసి, సంచి విప్పకుండానే లోపలికి వంగి చూశాడు.

"ఒరే హజరత్తూ, దీన్ని ఎవురు తిన్నార్రా?"

నా పేరు హజరత్తయ్య. మా అమ్మకు బిడ్డలు నిలవక దర్గాలో మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు పెట్టారు. రహ్మాన్‌కు దాన్ని సగానికి విరిచి పిలవడం చిన్నప్పటి నుంచి అలవాటు.

"తినలా. కడిగినాం."

"దేంతో? ఫినాయిలా?"

"శానిటైజరు."

"మీ చేతుల్లో పురుగులు చావాలని ఇచ్చిన మందది. సీటులో ఏం పురుగులుండాయని పోసినారు?" మధుబాబు వైపు తిరిగి చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. "స్వామీ శరణం. ఇది తమరి పనేనా?"

"అవును స్వామీ," అన్నాడు మధుబాబు.

"చూడు, ఈయనకి నేనూ స్వామినే. పేరుకి నువ్వు హజరత్తువి, నీ కొడుకు అయ్యప్ప. నడిమధ్యన సీట్లు కుట్టేవాణ్ణి నేను."

"నవ్వింది చాలుగానీ, పోతాదా చెప్పు," అన్నాను.

అతను పనిముట్ల సంచిలోంచి ఒక నురగ డబ్బా, మెత్తటి బ్రష్షు తీశాడు. వీపు వైపు నుంచి మొదలుపెట్టాడు. నురగ కొట్టి, బ్రష్షు ఆడీ ఆడనట్టు ఆడించి, గుడ్డతో రుద్దకుండా అద్దాడు. మళ్ళీ కొట్టాడు. వీపు మచ్చ సగానికి సగం తగ్గింది. నాకు కొంచెం ఆశ పుట్టింది. కింది భాగానికి వచ్చేసరికి అతని చెయ్యి నెమ్మదించింది. ఎంత అద్దినా గుడ్డ తెల్లగానే వస్తోంది.

"ఏంది?"

"ఉండు."

"ఏందో చెప్పు."

"నేను కుట్టేవాణ్ణి, చాకిరేవు పెట్టేవాణ్ణి కాదు. నాకు తెలిసినంత చెప్తా. నిన్న సాయంత్రమే పిలిచుంటే ఈ నురగకే చాలావరకు వచ్చుండేది. రాత్రంతా తడిగా తోలులోకి దిగింది. మీరు గీసిన గీతల్లో ఇంకా దిగింది. ఇంక దిగింది పైకి రాదు. ఇదిగో ఈ బోడి అయిన చోట రంగేయాల. మీగడ రంగు కలిపి నేను ఏస్తా, నాకు తెలుసు. కానీ ఈ ముసుర్లో ఆరదు. జిగట జిగటగా ఉండిపోతాది. నీ బావ తెల్ల పంచెతో కూర్చున్నాడనుకో, లేచేటప్పుడు పంచె సీటు మీద, ఆయన రోడ్డు మీద."

నేను ఆకాశం వైపు చూశాను. ఎక్కడా సందు లేదు.

వెంకటశేషమ్మ గరిటెతోనే వచ్చి వింటోంది. "ఇంకేం దారి లేదా అన్నా?" అంది.

"కవర్లుండాయి. నా అంగట్లో ఈ కారు సైజువి ఒక జత ఉండినాయి. బండి మీద తెచ్చినా, ఎందుకైనా మంచిదని. ముందు సీట్లకి రెండిటికీ తొడిగేస్తే తల్లి కూడా గుర్తుపట్టదు. ఎండ కాసినాక కోటకి తెప్పించు, ఏదో మిషతో. తీసి రంగేస్తా."

మా ఆవిడ ముఖం విప్పారింది. "నరేంద్రన్నయ్యకి మనమే పెట్టినట్టు చెప్దాం. కారిచ్చినందుకు, మర్యాదగా. ఆయనా సంతోషిస్తాడు."

నాకూ అది బాగుందనిపించింది. ఇప్పుడు ఈ పూట గడవాలి. అతను లోపలికి రావాలి, కూర్చోవాలి, ఆకులో చెయ్యి పెట్టాలి. సాయిలక్ష్మి ఈ ఇంట్లో నాలుగు అడుగులు వేయాలి. ఒక పూట మా అన్నం తిన్నాక, సీటు సంగతి ఎప్పుడో ఒకప్పుడు తెలిసినా ఇంత నొప్పి ఉండదు. ఇప్పుడే తెలిస్తే, వీళ్ళకు ఏ వస్తువు ఇచ్చినా ఇంతే అని గేటు నుంచే తిరిగి పోతాడు. అతని పౌరుషం నాకు తెలుసు. సీట్లు ఒరిజినల్ తోలువని కారు కొన్ననాడు ఊరు ఊరంతా చెప్పుకున్న మనిషి.

"ఎయ్యి," అన్నాను.

"మామ అడిగితే?" అన్నాడు మధుబాబు.

"అడగడు."

"అడక్కపోయినా స్వామీ. మాలలో అబద్ధం చెప్పగూడదు."

"ఎవురు చెప్పమన్నారు మిమ్మల్ని? ఊరకుండమన్నాం."

"ఊరకుండడం గూడా అదే గదా."

రహ్మాన్ కవరు విప్పుతున్నవాడు ఆగి, తల దించుకుని నవ్వు మింగాడు. నాకు నవ్వు రాలేదు. ఆ క్షణంలో వాడు నా కొడుకే అయ్యుంటే వీపు మీద ఒకటి పడేది. నల్లబట్టలు, మెడలో పూసలు, నుదుట చందనం. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక రేకుల గుంజ పట్టుకున్నాను.

"స్వామీ," అన్నాను పళ్ళ మధ్య నుంచి, "మీ అత్త ఈ ఇంటి గడప తొక్కాల్నా వద్దా స్వామీ? అది రోడ్డు మీద ఆటోలో కూర్చుని అన్నం గిన్నె తీసుకుపోయిన రోజున మీరు గూడా చూసినారే. మళ్ళీ అదే చూడాలని ఉండాదా మీకు?"

"లేదు స్వామీ."

"అయితే నోరు మూసుకోండి."

వాడు మూసుకున్నాడు. కానీ అక్కడి నుంచి కదల్లేదు. రేకుల బయట, తుంపరలో నిలబడ్డాడు. గొడుగు లేదు. మేం చూస్తుండగానే వాడి పంచె తడిసి, అంచు నుంచి నల్లనీళ్ళు మడమల మీదుగా కారి ఇసుకలోకి పోతున్నాయి. ఆ గుడ్డలో రంగు ఇంకా ఎంతుందో.

రహ్మాన్ సీటు తలభాగం ఊడబెరికి కవరు పైనుంచి తొడగసాగాడు. సగం దాకా లాగి ఆగాడు. "ఒరే, ఈయన్ని లోపలికి పొమ్మనరా. అట్టా చూస్తా నిలబడితే నాకు చేతులు ఆడటంలా."

"నాకు మాత్రం ఆడతండాయా," అన్నాను.

అప్పుడే ఆటో చప్పుడైంది.

అనుకున్న వేళ కంటే ముందే వచ్చారు. నరేంద్రబాబు గొడుగు తెరిచి దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. మనిషి కొంచెం ఒళ్ళు చేశాడు. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. సాయిలక్ష్మి దిగి గేటు దగ్గర ఆగిపోయింది. ఒక చేత్తో పూల పొట్లం, ఇంకో చెయ్యి గేటు మీద. లోపలికి రాలేదు. మొగుడు ఎటు పోతాడో చూసి అటు పోవాలని.

అతను ఇంటి వైపు నాలుగడుగులు వేశాడు. రేకుల కింద కారు తలుపు తెరిచి ఉండటం, దాంట్లోంచి రహ్మాన్ కాళ్ళు బయటికి ఉండటం చూశాడు. ఇటు తిరిగాడు.

"ఏం రహ్మానూ, నా కార్లో నీకేం పని?"

రహ్మాన్ బయటికి వచ్చి నా వైపు చూశాడు. మా ఆవిడ గుమ్మంలోంచి నా వైపు చూసింది. గేటు దగ్గర నుంచి చెల్లెలూ చూస్తోంది. ఇన్నాళ్ళ తర్వాత అతనితో నేను మాట్లాడే మొదటి మాట నోట్లో సిద్ధంగా ఉంది. కవర్లు ఏపిస్తండా బావా, మర్యాదగా. అంతే అనాల్సింది.

మధుబాబు నోరు తెరిచాడు. ఆ తెరవడం చూశాను. వాడు చెప్తే తప్పు వాడిదవుతుంది. ఈ ఇంట్లో మామ ఇంకా మర్యాద ఇచ్చేది స్వామి అయిన వాడొక్కడికే. ఆ తాళాలు వాడి చేతిలో పెట్టాడు, నా చేతిలో కాదు. నేను కవరును పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఊడి వచ్చింది.

"తోలు తాకగూడదని మావాడు కొత్త తువ్వాలు పరిచినాడు," అన్నాను. "వానకి రంగు దిగింది. అదొక్కటే అయితే రహ్మాన్ పోగొట్టి ఉండేవాడు. నేను గీకి, మందు పోసి పాడు చేసినా. కవరేసి కప్పాలని చూసినా."

అంతకంటే పెద్ద మాట నేను ఎప్పుడూ మాట్లాడి ఉండను.

నరేంద్రబాబు గొడుగు మడిచాడు. వంగి చూశాడు. బోడి అయిన చోట బొటనవేలితో రాశాడు. వేలును చూసుకున్నాడు. మళ్ళీ రాశాడు. మామూలు మనిషైతే ఆ పాటికి అరిచేవాడు. నేను ఆ అరుపు కోసమే కాచుకుని ఉన్నాను. అరిస్తే నేనూ అరవచ్చు. పొద్దుటి నుంచి నా గొంతులో ఉన్నదంతా బయటికి వచ్చేది.

"ఎంత కడిగినా ఈ కార్లో రొయ్యల మేత వాసన పోదు," అన్నాడు, సీటుతో చెప్తున్నట్టు. "సీట్లన్నా చూడ్డానికి బాగుండాయని..." అక్కడితో ఆపాడు.

"ఎండ కాసినాక రంగేస్తానండీ," అన్నాడు రహ్మాన్. "మచ్చ ఛాయ కొంచెం ఉంటాది. నేను లేదని చెప్పను."

అతను వినలేదు. తుంపరలో నిలబడ్డ మధుబాబు వైపు చూశాడు. వాడు చేతులు జోడించుకుని ఉన్నాడు. "నాదే తప్పు స్వామీ," అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. మాల వేసుకున్నాక మొదటిసారి వాడిలో మా పిల్లవాడు కనిపించాడు.

నరేంద్రబాబు ఏం చేస్తాడో మాకెవరికీ తెలియలేదు. చివరికి తుంపరలోకి నడిచి, వంగి, మేనల్లుడి పాదాలకు దండం పెట్టాడు. స్వామి ఎదురైతే పెట్టాలి కాబట్టి పెట్టాడో, ఇంకెందుకు పెట్టాడో నాకు తెలియదు. లేచేసరికి వేళ్ళు నల్లగా ఉన్నాయి. ఎక్కడ తుడుచుకోవాలో తెలియక చేతిని పంచెకు దూరంగా పట్టుకున్నాడు. ఇందాక చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నేను గుంజ పట్టుకున్నట్టే.

నా పక్క నుంచి పోతూ ఆగాడు.

"మాటలు మాల తీసినాక, బావా," అన్నాడు.

ఆ బావా అన్నది నేను చాలా సేపు నమిలాను. రెండేళ్ళుగా నా గురించి చెప్పాల్సి వస్తే అతను 'ఆయన' అనేవాడని విన్నాను. బావా అన్నాడు. కానీ మాటలు ఉన్నాయన్నాడు. మధుబాబు మాల తీసేది శబరిమల పోయి వచ్చాక. అప్పటిదాకా నోరు కట్టుకుంటాడు, తర్వాత సీటుకూ, మడికీ, అన్నిటికీ కలిపి మాట్లాడతాడు. లేక, ఇప్పుడు మాట్లాడేదేమీ లేదని చెప్పడానికి అదొక పద్ధతా. అడగవచ్చు. నేను అడిగే మనిషిని కాను, అతను చెప్పే మనిషి కాడు.

వరండా మెట్ల దగ్గర మా ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి బిందెతో నీళ్ళు పెట్టి ఉంది. అతను అటు నడిచాడు. ముందు చేతులు కడుక్కున్నాడు. రంగు పూర్తిగా పోలేదు. తర్వాత కాళ్ళు కడుక్కున్నాడు. గడప దాటాడు.

గేటు చప్పుడైంది. సాయిలక్ష్మి వరండా వైపు రాలేదు. ఇంటి పక్క నుంచి, బర్రె కొట్టం మీదుగా, వెనక గుమ్మం నుంచి తిన్నగా వంటింట్లోకి పోయింది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చినా అదే దారి. లోపల ఆడవాళ్ళ గొంతులు ఒకదాని మీద ఒకటి వినిపించాయి, తర్వాత గరిటెల చప్పుడు.

స్వాములు వచ్చారు. గురుస్వామి జయరామయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి కారు వైపు ఒకసారి చూశాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నాకు చెప్పాలనిపించింది. ఇదంతా మీ మాట వల్లేనని, స్వాములను అనకూడని మాటలతో అనాలనిపించింది.

మామూలుగా స్వాములు తిని లేచాకే ఇంటివాళ్ళు తింటారు. బయట పందిరి తడిసిపోయి, వరండా ఒకటే పొడిగా ఉంది. "ఈ వానలో రెండు పంక్తులెందుకు స్వామీ, అందరూ కూర్చోండి," అన్నాడు గురుస్వామి. "భిక్ష తినేటప్పుడు మాటలు మాత్రం వద్దు."

గోడ పొడవునా ఆకులు వేశారు. మొదట గురుస్వామి, తర్వాత స్వాములు, చివర మధుబాబు. వాడి పక్కన నరేంద్రబాబు. అతని పక్కన ఖాళీ. వెంకటశేషమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. పోయి అక్కడ కూర్చున్నాను. వెళ్ళొస్తానని మోపెడ్ దగ్గర నిలబడ్డ రహ్మాన్‌ను మధుబాబే పోయి చెయ్యి పట్టుకుని తెచ్చి నా ఇవతల కూర్చోబెట్టాడు. శరణాలు చెప్పారు. గొంతులు వరండా కప్పుకు తగిలి ఆగిపోయాయి.

సాయిలక్ష్మి వడ్డించింది. కొంగు నడుముకు చెక్కుకుని, అన్నం, పప్పు, వంకాయ కూర, పులిహోర. వంకాయలు అడుగున కొంచెం మాడాయి. నిజంగానే మాడాయి. నరేంద్రబాబు మాడిన ముక్కను పక్కకు పెట్టలేదు. నేను చూడనట్టు చూశాను. అతను తలెత్తలేదు. వేళ్ళ సందుల్లో నీలం ఉన్న చేత్తోనే కలుపుకుంటున్నాడు. రహ్మాన్ గొంతు సవరించుకోబోయి ఆగాడు. సాంబారు గిన్నెతో సాయిలక్ష్మి వచ్చినప్పుడు నరేంద్రబాబు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టలేదు, పొయ్యమనీ అనలేదు. అది పోసింది. నా ఆకులోనూ పోసింది. వానకు కప్పు మీద చప్పుడు పెరిగింది. అందరం తింటున్నాం.